మిల్లు కట్టించిన చర్చి, పొగ తిన్న రాయి

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ కొండల మధ్య హాలిఫాక్స్ అనే ఊరుంది. ఆ ఊరి అంచున హేలీ హిల్ అనే గుట్ట మీద 236 అడుగుల ఎత్తున్న రాతి శిఖరంతో ఒక చర్చి నిలబడి ఉంటుంది. పేరు ఆల్ సోల్స్. దాన్ని కట్టించింది ఎడ్వర్డ్ అక్రాయిడ్ అనే ఉన్ని బట్టల మిల్లుల యజమాని, అదీ పూర్తిగా సొంత డబ్బుతో. ప్లాన్ గీసింది ఆ రోజుల్లో ఇంగ్లండ్ అంతటా మారుమోగిన ఆర్కిటెక్ట్ జార్జ్ గిల్బర్ట్ స్కాట్. లండన్‌లో సెయింట్ పాంక్రాస్ స్టేషన్ ముందున్న హోటల్, ఆల్బర్ట్ స్మారకం ఆయన చేతి పనులే. తాను కట్టిన చర్చిలన్నిట్లో మొత్తం మీద ఇదే మేలైనదని స్కాట్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు.

అంత పేరున్న చర్చి నూట ఇరవై ఏళ్లు తిరిగేసరికి మూతపడింది. గోడల రాయి పెచ్చులూడుతోంది, బాగు చేయించే స్తోమత అక్కడి సంఘానికి లేదు. ఇంత శ్రద్ధగా, ఇంత ఖర్చుతో లేచిన కట్టడానికి ఆ గతి ఎందుకు పట్టిందో తెలుసుకోవాలంటే, అసలు మిల్లు యజమానులు చర్చిలు ఎందుకు కట్టించారన్న దగ్గర మొదలుపెట్టాలి.

ఇంగ్లండ్‌లో పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊళ్ల పరిధి. మధ్యయుగాల నుంచి పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, ఖననాలు అన్నీ దాని లెక్కలోనే జరిగేవి. పేదలకు సాయం పంచడం, ఊరి పన్ను వసూలు చేయడం కూడా చాలాకాలం పారిష్ పనే. పొలాలు, పల్లెలు ఉన్న రోజుల్లో ఆ ఏర్పాటు బాగానే నడిచింది. ఆవిరి యంత్రాలు వచ్చి, జనం మిల్లుల చుట్టూ గుమిగూడడంతో లెక్క తప్పింది. హాలిఫాక్స్ పారిష్ దేశంలోని పెద్ద పారిష్‌లలో ఒకటి. ఇరవైకి పైగా ఊళ్లు దాని కిందకే వచ్చేవి. మధ్యలో అక్కడక్కడ చిన్న ప్రార్థనాలయాలున్నా, పాత పెద్ద చర్చి మాత్రం లోయలో ఒక్కటే. గుట్టల మీద కొత్తగా పుట్టుకొచ్చిన కార్మికవాడల్లో చాలామందికి దానితో సంబంధమే లేకుండా పోయింది.

నెపోలియన్ యుద్ధాలు ముగిశాక ప్రభుత్వంలో ఈ విషయమై భయం పట్టుకుంది. ఫ్రాన్స్‌లో జరిగిన విప్లవం తమ దగ్గర కూడా జరుగుతుందేమోనన్న బెంగతో 1818లో పార్లమెంటు కొత్త చర్చిల కోసం 10 లక్షల పౌండ్లు కేటాయించింది. 1843లో వచ్చిన చట్టంతో చర్చి భవనం లేకముందే కొత్త పారిష్ ప్రాంతాన్ని ఏర్పాటు చేసే వీలు కలిగింది. 1856లో మరో చట్టం ఈ కొత్త ప్రాంతాలకు పూర్తి స్థాయి పారిష్ హోదా పొందే దారి తెరిచింది. అంటే డబ్బున్న మనిషి ముందుకొచ్చి కట్టిస్తానంటే, పాత పారిష్‌ను విడగొట్టి అతని మిల్లు చుట్టూ ఒక కొత్త పారిష్ నిలబెట్టడం సులువైంది.

ఈలోగా 1851 మార్చి 30 ఆదివారం నాడు ఒక లెక్క తీశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఆ రోజు ఎంతమంది ఆరాధనకు వెళ్లారన్నది ఆ లెక్క. ఒకసారైనా వెళ్లగలిగి ఉండీ ఎక్కడికీ వెళ్లనివాళ్లు 52 లక్షలకు పైనే ఉంటారని దాని నివేదిక అంచనా వేసింది. వెళ్లినవాళ్లలో కూడా దాదాపు సగం మంది ఆంగ్లికన్ చర్చికి కాక మెథడిస్టు, కాంగ్రిగేషనల్, బాప్టిస్టు వంటి వేరే శాఖల చాపెళ్లకు వెళ్లారు. దేశపు అధికారిక చర్చికి ఇది గట్టి దెబ్బ. హాలిఫాక్స్ లాంటి మిల్లు ఊళ్లలో చాపెళ్ల బలం మరీ ఎక్కువ.

అక్రాయిడ్ కుటుంబం కూడా ఆ చాపెళ్ల నుంచి వచ్చిందే. ఎడ్వర్డ్ 1810లో పుట్టాడు, మెథడిస్టుల్లోని న్యూ కనెక్షన్ అనే శాఖలో పెరిగాడు. తండ్రి జొనాథన్ సన్న ఉన్ని నూలుతో నేసే వూస్టెడ్ బట్టల వ్యాపారాన్ని బాగా పెంచి, 1847లో చనిపోయాడు. కొడుకు చేతికి అపారమైన ఆస్తి వచ్చింది, దాంతోపాటు కొన్ని జ్ఞాపకాలు కూడా. 1842 ఆగస్టులో సమ్మె చేస్తున్న కార్మికులు బాయిలర్ల ప్లగ్గులు పీకేసి మిల్లులు ఆపించారు. హాలిఫాక్స్ వీధుల్లోకి సైన్యం దిగింది, తుపాకులు పేలాయి. యజమానికీ కూలీకీ మధ్య ఎంత దూరం పెరిగిందో అక్కడివాళ్లందరికీ కళ్లారా తెలిసింది.

ఎడ్వర్డ్ ఆలోచన ఆ దూరాన్ని తగ్గించడం మీదే తిరిగింది. చాపెల్ వదిలి ఆంగ్లికన్ చర్చిలో చేరాడు. అందుకు భక్తి ఒక్కటే కారణం కాదని ఆయన చేసిన పనుల వరస చూస్తే అర్థమవుతుంది. ఆయన కోరుకున్నది పాత పల్లెటూరి నమూనా: మధ్యలో చర్చి, దాని చుట్టూ ఇళ్లు, పక్కనే బడి, అందరినీ కనిపెట్టుకుని ఉండే ఊరి పెద్ద. ఆ పెద్ద స్థానంలో తనను ఊహించుకున్నాడు. చాపెల్ సభ్యుల చందాలతో నడుస్తుంది, వాళ్ల మాట అక్కడ చెల్లుతుంది. పారిష్ అలా కాదు. సభ్యుడైనా కాకపోయినా ఆ గడ్డ మీద ఉన్న ప్రతివాడూ దాని కిందకే వస్తాడు. ఊరంతటినీ ఒక గొడుగు కిందకు తేవాలనుకున్న మనిషికి పారిష్ నచ్చడంలో వింత లేదు.

మొదట ఆయన చేయి వేసింది కోప్లీ అనే చోట. కాల్డర్ నది ఒడ్డున మిల్లు పక్కన 1849 నుంచి కార్మికుల ఇళ్లు లేపాడు. అవి వెనక గోడలు కలిసిన ఇళ్లు, అంటే గాలి ఒక వైపు నుంచే ఆడుతుంది. 1860లలో అక్కడ కూడా సెయింట్ స్టీఫెన్స్ అనే చర్చి వచ్చింది. హేలీ హిల్‌లో మాత్రం ముందు చర్చి, తర్వాత ఊరు. శంకుస్థాపన 1856లో జరిగింది. 1859 నవంబరు 2న ప్రతిష్ఠ. క్రైస్తవ పంచాంగంలో చనిపోయిన విశ్వాసులందరినీ తలుచుకునే రోజది, చర్చి పేరు కూడా దాన్నుంచే వచ్చింది.

ఎక్కడ కట్టించాడన్నది కూడా గమనించాలి. వాలు మీద మిల్లు, దగ్గర్లోనే అక్రాయిడ్ నివాసం బ్యాంక్‌ఫీల్డ్, ఆ రెండింటి చెంతనే చర్చి. పొద్దున మిల్లుకు వెళ్లే కూలీకి, బండిలో ఇంటికి వెళ్లే యజమానికి, ఆదివారం గంట విని వచ్చే కుటుంబానికి ఒకే శిఖరం కనిపిస్తుంది.

స్కాట్ ఎంచుకున్నది 13వ శతాబ్దం చివర, 14వ శతాబ్దం మొదట్లో నడిచిన గోథిక్ శైలి. మొనదేలిన తోరణాలు, రాతిలో చెక్కిన ఆకులు, కిటికీల్లో తీగల్లాంటి రాతి అల్లికలు దాని గుర్తులు. లోపలికి వెళ్తే డబ్బుకు వెనకాడలేదని ఇట్టే తెలుస్తుంది. బాప్తిస్మపు తొట్టిని ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్‌లోని లిజార్డ్ నుంచి తెచ్చిన సర్పెంటైన్ రాతితో చేశారు. పేరుకు తగ్గట్టే ఆ రాయికి పాము చర్మంలాంటి మచ్చలుంటాయి, సానబెడితే నిగనిగలాడుతుంది. ఇనుప తెరను కోవెంట్రీలోని ఫ్రాన్సిస్ స్కిడ్‌మోర్ చేశాడు. శిల్పాలు జాన్ బర్నీ ఫిలిప్ చేతివి, తర్వాత ఆల్బర్ట్ స్మారకం మీద పనిచేసిందీ ఆయనే. రంగుటద్దాల కిటికీలు క్లేటన్ అండ్ బెల్, హార్డ్‌మన్ వంటి అప్పటి పెద్ద సంస్థలు చేసినవి. ఒక మిల్లు పేటలో మామూలు పారిష్ చర్చికి దేశంలో దొరికే మేటి పనివాళ్లంతా వచ్చారన్నమాట.

స్కాట్ తన మెచ్చుకోలుతో పాటు ఒక లోటు కూడా చెప్పాడు. ఇది మొదట ఇంత గొప్ప కట్టడంగా తలపెట్టింది కాదనీ, అందుకే దీని మూల ప్లాన్‌లో కావలసినంత విశాలత లేదనీ ఆయన బాధ. కట్టడం నడుస్తుండగా దాత ఉత్సాహం పెరిగింది. ఉత్సాహంతో పాటు ఖర్చూ పెరిగింది. పునాది మాత్రం మొదట వేసిందే. చర్చి లోపల అలంకారం కిక్కిరిసినట్టు అనిపించడానికి కారణం ఇదే. ఈ ఒక్క విషయంలోనే కట్టడం స్వభావం మొత్తం దొరుకుతుంది: దాని కొలత ఊరి అవసరంతోనో, సంఘం స్తోమతతోనో కుదిరింది కాదు, ఒక్కడి మనసుతో కుదిరింది.

శిఖరం ఎత్తు గురించి హాలిఫాక్స్‌లో ఒక మాట ప్రచారంలో ఉంది. ఊళ్లో అక్రాయిడ్‌కు దీటైన కుటుంబం క్రాస్‌లీలది. డీన్ క్లౌ అనే చోట వాళ్ల తివాచీ మిల్లులుండేవి. వాళ్లు కాంగ్రిగేషనల్ శాఖవాళ్లు. వాళ్ల అండతో 1857లో తెరిచిన స్క్వేర్ చర్చి శిఖరం 235 అడుగులు. అక్రాయిడ్‌ది 236. ఒక్క అడుగు పంతం కోసమే పెంచారంటారు జనం. అది నిజమో కాదో పక్కన పెట్టినా, రెండు కుటుంబాల పోటీ మాత్రం నిజమే, దానివల్ల ఊరు బాగుపడిందన్నదీ నిజమే. క్రాస్‌లీలు 1857లో పీపుల్స్ పార్క్ ఇచ్చారు, వృద్ధులకు ఇళ్లు కట్టించారు. అక్రాయిడ్ హేలీ హిల్‌లో కార్మికులకు కాలేజీ పెట్టాడు, యువతులకు తరగతులు నడిపించాడు, పొదుపు బ్యాంకు మొదలుపెట్టాడు.

ఇక ఊరు. చర్చికి ఎదురుగా అక్రాయిడన్ అనే కొత్త పేట కట్టాలని 1859లో అనుకున్నారు. ప్లాన్ స్కాట్‌దే. ఇళ్లు నిలబెట్టింది ఆయన శిష్యుడు విలియం క్రాస్‌ల్యాండ్. 1861 నుంచి పని సాగింది. మధ్యలో ఒక చతురస్రపు మైదానం, చుట్టూ వరస ఇళ్లు. వీధుల పేర్లు చూడండి: యార్క్, రిపన్, బెవర్లీ, సాల్స్‌బరీ. దాదాపు అన్నీ పెద్ద పెద్ద చర్చిలున్న ఊళ్ల పేర్లే. పేట మొత్తాన్ని చర్చి నీడలోకి తీసుకురావాలన్న కోరిక వీధి బోర్డుల దాకా వచ్చిందన్నమాట.

ఇక్కడే కార్మికుల గొంతు కాస్త వినిపిస్తుంది. గోథిక్ ఇళ్లు వాళ్లకు నచ్చలేదు. పాతకాలపు వాటంగా ఉన్నాయనీ, వెలుతురు తక్కువనీ, దిక్కులేని ముసలివాళ్ల కోసం దాతలు కట్టే సత్రాల్లా కనిపిస్తున్నాయనీ అన్నారు. సొంత సంపాదనతో ఇల్లు కొనుక్కునేవాడికి తన ఇల్లు ధర్మసత్రంలా కనబడితే మనసు చివుక్కుమంటుంది కదా. యజమాని శైలి మార్చలేదు, ఒక ఉపాయం చేశాడు: ఇల్లు కొన్నవాడి పేరులోని మొదటి అక్షరాలను అతని తలుపు పైన రాతిలో చెక్కించాడు. ఇది దానం కాదు, నీ సొంతం అని చెప్పడానికి. ఇళ్లకు అప్పు హాలిఫాక్స్ పర్మనెంట్ బిల్డింగ్ సొసైటీ నుంచి వచ్చింది. చేతిలో మొదటి సొమ్ము లేనివాళ్లకు అక్రాయిడ్ హామీగా నిలిచాడు. ఇంత చేసినా అనుకున్నన్ని ఇళ్లు లేవలేదు. 350 అనుకున్న చోట వందకు కూడా చేరలేదు.

మిల్లు యజమాని చేతిలో కాక కంపెనీ చేతిలో పుట్టిన చర్చి ఎలా ఉంటుందో చూడాలంటే స్విండన్ వెళ్లాలి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే తన వర్క్‌షాపుల కోసం అక్కడ ఒక కార్మిక గ్రామం కట్టింది. కంపెనీ డైరెక్టర్లలో ఒకరైన జార్జ్ హెన్రీ గిబ్స్ చర్చి, బడి కోసం 500 పౌండ్లు వీలునామాలో రాసిపోయాడు. మిగతాది చందాలతో పోగుచేశారు. రైలు పట్టాల పక్కనే 1845లో పూర్తయిన ఆ సెయింట్ మార్క్స్ చర్చిని గీసింది కూడా స్కాటే, అప్పటికింకా మొఫాట్ అనే మరో ఆర్కిటెక్ట్‌తో భాగస్వామ్యంలో. ఆల్ సోల్స్ వైభవం దానికి లేదు. కానీ అనేకమంది చేతులు పడటంతో దాని భారం ఏ ఒక్క కుటుంబం మీదా పడలేదు.

ఇంగ్లండ్ మిల్లు ఊళ్ల చర్చి నిర్మాణ అనుభవం తెలుగు నేల దాకా వచ్చింది. మెదక్ చర్చిని గీసిన బ్రాడ్‌షా గ్యాస్ అండ్ హోప్ సంస్థ లాంకషైర్‌లోని బోల్టన్ ఊరిది. బోల్టన్ అంటే నూలు మిల్లుల ఊరు. 1914లో మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చి, కరువు కాలంలో జనానికి పని చూపించి తిండి పెట్టడం కోసం చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ చేపట్టిన కట్టడమని మెదక్‌లో అందరికీ తెలిసిందే. స్కాట్ సంగతికొస్తే, ఆయన భారతదేశంలో అడుగుపెట్టకుండానే ముంబై విశ్వవిద్యాలయపు రాజాబాయి గడియార స్తంభానికి ప్లాన్ గీసి పంపాడు.

హేలీ హిల్ రాయి దగ్గరకు వస్తే, ఆల్ సోల్స్ కష్టాలకు మూలం అందులోనే ఉంది. చర్చి గోడలకు స్థానికంగా దొరికే ఇసుకరాయి వాడారు. చెక్కుడు పనికి, అంచులకు మెగ్నీషియం ఉన్న సున్నపురాయి వాడారు. సున్నపురాయి ఉలికి మెత్తగా లొంగుతుంది, లేత రంగులో అందంగా ఉంటుంది. రెండు రాళ్లూ వేటికవి మంచివే. ఊరి గాలే వాటికి పగ అయింది.

చుట్టూ ఉన్న వందలాది పొగగొట్టాల నుంచి బొగ్గు పొగతో పాటు గంధకపు వాయువు వస్తుంది. వాన నీటితో కలిసి అది ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం సున్నపురాయి మీద పడితే రాయి కరిగి జిప్సమ్, మెగ్నీషియం సల్ఫేట్ అనే లవణాలు తయారవుతాయి. జిప్సమ్ మసిని పట్టుకుని నల్లటి పెచ్చు కడుతుంది. మెగ్నీషియం సల్ఫేట్ నీళ్లలో తేలిగ్గా కరిగి కింద ఉన్న ఇసుకరాయి రంధ్రాల్లోకి దిగుతుంది. ఎండ కాసినప్పుడు ఆ రంధ్రాల లోపలే గడ్డకట్టి స్ఫటికాలుగా ఉబ్బుతుంది. తడిసినప్పుడు కరుగుతుంది, ఆరినప్పుడు ఉబ్బుతుంది. ఏడాదికి ఎన్నోసార్లు ఇలా జరిగితే ఇసుకరాయి ముఖం పొరలు పొరలుగా రాలుతుంది. ఆమ్లానికి అంతగా లొంగని రాయి కూడా పక్కన ఉన్న రాయి కారణంగా పాడైపోయింది. పైన చెక్కిన పువ్వులు, ముఖాలు మొదట అరిగిపోయాయి, తర్వాత గోడ అరిగింది.

ఇలా జరుగుతుందని స్కాట్‌కు ముందే తెలియాల్సిందని అనడం న్యాయం కాదు. లండన్‌లో పార్లమెంటు భవనానికి రాయి ఎంచడానికి 1830ల చివర నిపుణులు దేశమంతా తిరిగారు. వాళ్లు ఎంచింది కూడా మెగ్నీషియం సున్నపురాయే. అది కూడా పొగకు పెచ్చులూడితే, కారణం ఏమిటో తేల్చడానికి 1861లో ఒక కమిటీ వేయాల్సి వచ్చింది. అప్పటికి ఆల్ సోల్స్ ప్రతిష్ఠ జరిగి రెండేళ్లు. పొగను కట్టడి చేసే గట్టి చట్టం రావడానికి 1956 దాకా ఆగాలి. చర్చికి డబ్బు తెచ్చిన ఊలు మిల్లుల పొగే, దాని చుట్టూ ఉన్న పొగతో కలిసి, ఆ దాదాపు నూరేళ్లూ దాని రాతిని తింటూ వచ్చింది.

ఆ అరుగుదలకు మందు డబ్బే, ఆ డబ్బు మాత్రం అక్రాయిడ్‌తోనే తరిగిపోయింది. ఆయన 1857 నుంచి 1859 దాకా హడర్స్‌ఫీల్డ్ తరఫున, 1865 నుంచి 1874 దాకా హాలిఫాక్స్ తరఫున పార్లమెంటు సభ్యుడు. దానధర్మాలకు, కట్టడాలకు విపరీతంగా ఖర్చు పెట్టాడు. తర్వాత వూస్టెడ్ వ్యాపారం మందగించింది. 1887లో చనిపోయేనాటికి ఆస్తిలో ఎక్కువ భాగం కరిగిపోయింది. బ్యాంక్‌ఫీల్డ్ ఇల్లు ఊరికి చేరి మ్యూజియం అయింది, ఇప్పటికీ నడుస్తోంది. చర్చికి ఆయన ఏర్పాటు చేసిన నిధి పాస్టర్ జీతభత్యాలకు, రోజువారీ నడకకు పనికొస్తుందేమో గానీ, 236 అడుగుల ఎత్తున రాళ్లు మార్చాలంటే పరంజా కట్టడానికి పెట్టే ఖర్చే ఒక మామూలు సంఘానికి తలకు మించిన భారం. మిల్లులు మూతపడి, కుటుంబాలు తరలిపోయి, ఆదివారం వచ్చేవాళ్లు పలచబడ్డాక ఆ భారం మోసేవాళ్లే లేకుండా పోయారు. 1970లలో చర్చి మూసేశారు. కూల్చేయాలన్న భయం కూడా తలెత్తింది.

కాపాడినవాళ్లు వారసత్వ కట్టడాల మీద ప్రేమ ఉన్న కార్యకర్తలు. ఒక ట్రస్టుగా ఏర్పడి ప్రజాధనంతో పెద్ద మరమ్మతులు చేయించారు. 1989లో చర్చి ఇప్పుడు చర్చెస్ కన్సర్వేషన్ ట్రస్ట్ అని పిలిచే సంస్థ చేతికి వెళ్లింది. ఆరాధన ఆగిన ఆంగ్లికన్ చర్చిలను చూసుకోవడానికి 1969లో పుట్టిన సంస్థ అది. ప్రభుత్వం, చర్చి కలిసి దానికి నిధులిస్తాయి, ఇప్పుడు దాని కింద 350కి పైగా చర్చిలున్నాయి. కోప్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కూడా అందులో ఒకటి. అంటే అక్రాయిడ్ ఊళ్లు రెండింటి చర్చిలూ చివరికి ఒకే గూటికి చేరాయి. పోటీదారులైన క్రాస్‌లీల స్క్వేర్ చర్చి 1970ల మొదట్లో అగ్గిపాలైంది. మిగిలిన శిఖరాన్ని ఊరి కొత్త లైబ్రరీ కట్టడంలో కలుపుకున్నారు.

అక్రాయిడ్ మొదలుపెట్టినవాటిలో ఏవి ఎక్కువకాలం బతికాయో చూస్తే ఒక తేడా తెలుస్తుంది. చర్చి ప్రతిష్ఠ జరిగిన ఏడాదే, 1859లోనే, ఆయన పెట్టిన పొదుపు బ్యాంకులో కార్మికులు పెన్నీల లెక్కన దాచుకున్నారు. అది యార్క్‌షైర్ పెన్నీ బ్యాంకుగా ఎదిగి, యార్క్‌షైర్ బ్యాంకు పేరుతో 21వ శతాబ్దంలోకి వచ్చింది. అక్రాయిడన్ ఇళ్లకు అప్పిచ్చిన బిల్డింగ్ సొసైటీ దేశంలోనే పెద్దదై, 1997లో బ్యాంకుగా మారింది. అక్రాయిడన్ ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు. వీటన్నిట్లో మామూలు మనుషుల సొంత సొమ్ము, సొంత మాట ఎంతోకొంత ఉంది. చర్చి విషయంలో సంఘానికి కట్టేటప్పుడు అడిగే హక్కు లేదు, ఆ తర్వాత మోసే శక్తీ లేదు. దాత గొప్ప మనసును తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆ శిల్పాలూ, ఆ కిటికీలూ ఆయన లేకపోతే ఉండేవే కావు, వాటిని చూసేవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు చర్చిని చూసుకునేవాళ్ల ముందున్న పని రాతి పనే. బొగ్గు పొగ పోయింది గానీ, పాత లవణాలు ఇసుకరాయి లోపల ఇంకా ఉన్నాయి, వాన పడ్డప్పుడల్లా కదులుతాయి. చెడిన సున్నపురాయిని తీసి కొత్త రాయి పెట్టాలంటే దాని పక్కన ఇసుకరాయి పెట్టొచ్చా, నీళ్లు ఎటు జారతాయి, గట్టి సిమెంటుకు బదులు రాయిని గాలి పీల్చనిచ్చే సున్నం వాడాలా అని ప్రతి ముక్క దగ్గరా ఆలోచించాలి. 1856లో ఎవరికీ తట్టని ప్రశ్నలివి. ఇప్పుడు అక్కడ ఉలి పట్టే ప్రతి రాతి పనివాడూ ముందు వీటికి జవాబు చెప్పుకోవాల్సిందే.